నెక్ బాగుంటే మిగతాదంతా మరమ్మతే

పాత బేస్ గిటార్ చూడ్డానికి వెళ్లినప్పుడు నేను ముందు కేబుల్ గుచ్చను. అమ్మేవాళ్లు పాపం ట్యూన్ చేసి, ఆంప్ ఆన్ చేసి సిద్ధంగా ఉంచుతారు. "వాయించి చూడండి" అంటారు. ఒక్క నిమిషం అని చెప్పి, బాడీ చివరని చెంపకి ఆనించుకుని, ఒక కన్ను మూసి నెక్ అనే పొడుగాటి కర్ర వెంట, శ్రుతి మీటలుండే హెడ్‌స్టాక్ దాకా చూస్తాను, వడ్రంగి పలక వంకర చూసుకున్నట్టు. లావుపాటి ఇ తీగ వైపు అంచు ఒకసారి, సన్నటి జి తీగ వైపు అంచు ఒకసారి. రెండు అంచులూ ఒకే తీరున సాగాలి. ఒకటి తిన్నగా ఉండి రెండోది కిందకి జారుతున్నట్టు కనిపిస్తే నెక్ మెలి తిరిగిందన్న మాట. అలాంటిది ఎంత తక్కువకి ఇస్తానన్నా నమస్కారం పెట్టి వచ్చేస్తాను.

ఇరవై రెండేళ్లుగా బేస్ వాయిస్తున్నాను. ఇప్పటికి పదకొండు బేస్‌లు నా చేతికొచ్చాయి, ఒక్కటి తప్ప అన్నీ ఎవరో వాడినవే. వాటిలో ఎనిమిదిని మళ్లీ ఇంకొకళ్ల చేతుల్లో పెట్టాను. ఇన్ని కొని, ఇన్ని విప్పి, ఇన్ని అమ్మాక గట్టిగా నమ్ముతున్నది ఒకటే: కొనాల్సింది నెక్‌ని. తీగల ఊపుని కరెంటుగా మార్చే పికప్‌లు మార్చుకోవచ్చు, బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జ్ మార్చుకోవచ్చు, వైరింగ్ అంతా పీకేసి మళ్లీ వేసుకోవచ్చు, రంగు పెచ్చులూడినా వాయించడానికి అడ్డం రాదు. నెక్ తేడాగా ఉంటే మాత్రం వీటిలో ఎన్ని మార్చినా ఆ బేస్‌తో కాపురం కుదరదు.

నెక్ కూడా మార్చొచ్చు కదా, నాలుగు స్క్రూలే కదా అని కొందరంటారు. నిజమే, నేనూ మార్చాను. ఆ కథ తర్వాత చెప్తాను. కానీ మంచి నెక్ విడిగా దొరకడం, దొరికినా ఆ బాడీ గాడిలో సరిగ్గా కూర్చోవడం అనుకున్నంత తేలిక కాదు.

అసలు ఆ కర్ర మోసే భారం తలుచుకుంటే నాకు దాని మీద గౌరవం పెరుగుతుంది. మామూలు బేస్ స్కేల్ 34 అంగుళాలు. అంటే హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే పట్టీ, నట్, నుంచి బ్రిడ్జ్ దాకా తీగ 864 మి.మీ. సాగి ఉంటుంది. అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 45 నుంచి 105 దాకా మందం ఉండే మామూలు తీగల సెట్ తగిలించి శ్రుతి చేస్తే నాలుగు తీగలూ కలిసి సుమారు 80 కిలోల బరువుతో లాగుతాయి. ఒక నిండు మనిషి రాత్రీ పగలూ వేలాడుతున్నట్టే. దాన్ని తట్టుకోడానికి నెక్ లోపల ట్రస్ రాడ్ అని ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. తీగలు నెక్‌ని ముందుకు వంచుతుంటే అది వెనక్కి నిలబెడుతుంది. ఈ రెండింటి మధ్య సమానంగా నిలబడినంత కాలం బేస్ బేస్‌గా ఉంటుంది. ఎవరూ ముట్టుకోకుండా పదేళ్లు మూలన నిలబెట్టిన బేస్‌లో ఆ లెక్క తప్పిపోయి ఉండటం మామూలే. సర్దితే సర్దుకుంటుందా లేదా అన్నదే చూసుకోవాలి.

దానికో పద్ధతి ఉంది. నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలే ఫ్రెట్‌లు. మొదటి ఫ్రెట్ మీద కేపో, అంటే తీగల్ని నొక్కి ఉంచే క్లిప్పు, బిగిస్తాను. నెక్ బాడీని కలిసే చోట ఇ తీగని ఒక చేత్తో నొక్కి పట్టుకుంటాను. అప్పుడు తీగే స్కేలు బద్ద అవుతుంది. ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య విజిటింగ్ కార్డు దూరేంత సందు, ఓ 0.3 మి.మీ., ఉంటే బాగున్నట్టే. అంతకంటే చాలా ఎక్కువ ఉందా, రాడ్ బిగించాలి. సందే లేదా, వదులు చెయ్యాలి. ఇదంతా బేస్‌ని వాయించే భంగిమలో పట్టుకునే చూడాలి. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి చూస్తే నెక్ బరువే లెక్కని కాస్త మార్చేస్తుంది.

ఆ తర్వాత అమ్మేవాళ్లని అనుమతి అడిగి రాడ్‌ని ఓ పావు చుట్టు తిప్పి చూస్తాను. ముందు వదులు వైపు, తర్వాత బిగువు వైపు. నా సంచిలో నాలుగు అలెన్ కీలు ఎప్పుడూ ఉంటాయి: 4 మి.మీ., 5 మి.మీ., అంగుళంలో ఎనిమిదో వంతు, అంగుళంలో పదహారింట మూడు వంతులు. చివరిది 4.76 మి.మీ. అవుతుంది. దాని బదులు దగ్గర్లో ఉందని 4.5 కీ పెట్టి తిప్పారంటే రాడ్ కొసనుండే మరనట్ లోపలి ఆరు మూలలూ అరిగి గుండ్రమైపోతాయి, ఆ తర్వాత ఏ కీ పట్టదు. అలా పాడైన నెక్‌లు రెండు చూశాను. ఫెండర్ కంపెనీ పాత బేస్‌లలో, వాటిని అనుసరించి చేసిన కొన్నిటిలో ఈ నట్ నెక్ అడుగున, బాడీ లోపల దాక్కుని ఉంటుంది. నెక్ విప్పితే తప్ప అందదు. అలాంటప్పుడు విప్పి చూడనిస్తారా అని మొహమాటపడకుండా అడుగుతాను. విప్పనివ్వని వాళ్ల దగ్గర కొనను.

ఈ మొహమాటం లేకపోవడం ఊరికే రాలేదు. నేను కొన్న మూడో బేస్ చూడ్డానికి చాలా ముచ్చటగా ఉండేది, సహజమైన కర్ర రంగు, తాబేటి చిప్ప రంగు పిక్‌గార్డ్. తీగలు ఫ్రెట్‌ల మీద బాగా ఎత్తుగా ఉన్నాయి. "రాడ్ పావు చుట్టు తిప్పితే సరిపోతుంది" అన్నాడు అమ్మినాయన. నమ్మాను. ఇంటికొచ్చి తిప్పితే కదల్లేదు. అప్పటికే మరచుట్లు అయిపోయేదాకా ఎవరో బిగించేశారు. రాడ్‌లో ఇంక మిగిలిందేమీ లేదు, నెక్ మాత్రం ముందుకు ఒంగే ఉంది.

మూడు రోజులు దాని వైపు చూడాలంటేనే బాధేసింది. తర్వాత నెక్ విప్పి, నట్ పూర్తిగా బయటికి తీసి, దాని కింద రెండు పల్చటి వాషర్లు వేశాను. ఆ వాషర్ల మందం మేరకి నట్‌కి మళ్లీ మరచుట్లు దొరికాయి. నెక్‌ని క్లాంపులతో ఒక గట్టి బద్దకి కట్టి, రవ్వంత వెనక్కి వంచి, ఆ ఒంపులో ఉండగానే రాడ్ బిగించాను. రాడ్‌తో నెక్‌ని లాగించకూడదు, చేత్తో వంచి రాడ్‌తో నిలబెట్టాలి అన్నది అప్పుడు తెలిసింది. నెక్ తిన్నగా వచ్చింది. అయినా పదిహేనో ఫ్రెట్ నుంచి చివరి దాకా కర్ర మళ్లీ పైకి లేచే ఉంది. అక్కడ రాడ్ పట్టు ఉండదు. ఆ అయిదారు ఫ్రెట్‌లూ ఆకురాయితో సమం చేయించుకోవాల్సి వచ్చింది. అందుకే ఇప్పటికీ కన్ను మూసి చూసేటప్పుడు చివరి అయిదు ఫ్రెట్‌ల దగ్గర కాసేపు ఆగుతాను.

ఇవన్నీ అయ్యాక కూడా కేబుల్ గుచ్చను. ఆంప్ లేకుండానే ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్ మీదా వాయిస్తాను, ఒక్కో స్వరాన్నీ అదంతట అది ఆగిపోయేదాకా వింటాను. ఎదుటివాళ్లకి విసుగొస్తుంది, తెలుసు. కానీ జి తీగ మీద అయిదో ఫ్రెట్‌కీ ఏడో ఫ్రెట్‌కీ మధ్య చాలా బేస్‌లలో ఒక చోట స్వరం కొట్టగానే చచ్చిపోతుంది. పక్క ఫ్రెట్‌లో ఐదారు సెకన్లు మోగేది ఇక్కడ ఒక్క సెకనుకే కూలిపోతుంది. దీన్నే డెడ్ స్పాట్ అంటారు. నెక్‌కి కూడా తనదంటూ ఊగే వేగం ఒకటుంటుంది. అయిదో ఫ్రెట్‌లో జి తీగ సెకనుకి దాదాపు 131 సార్లు, ఏడో ఫ్రెట్‌లో దాదాపు 147 సార్లు ఊగుతుంది. ఆ మధ్యలో ఎక్కడో నెక్ ఊపు, తీగ ఊపు కలిసిపోతే తీగలోని శక్తిని నెక్ లాగేసుకుంటుంది. ఫ్రెట్ అరిగిందనో తీగ పాతదనో చాలామంది అనుకుంటారు. కొత్త తీగలేసినా అది అక్కడే ఉంటుంది. హెడ్‌స్టాక్‌కి చిన్న బరువు బిగిస్తే ఆ చోటు కిందికి జరుగుతుంది, తేలికైన ట్యూనర్లు వేస్తే పైకి జరుగుతుంది. పూర్తిగా పోదు. ఎంతో పేరున్న ఖరీదైన బేస్‌లలో కూడా ఉంటుంది. ఉన్నంత మాత్రాన నేను వద్దనను, ఎక్కడుందో తెలుసుకుని కొంటాను.

ఇప్పుడు నల్ల బేస్ సంగతి.

ఫెండర్ ప్రెసిషన్ బేస్, పొట్టిగా పి బేస్, తరహాది. ఆరేళ్ల కిందట కొన్నాను. అమ్మకానికి పెట్టి నెలలైనా ఎవరూ తీసుకోలేదు. ఎందుకో చూడగానే అర్థమైంది. బ్రిడ్జ్ ముందు ఎవరో ఉలితో ఓ గుంట తవ్వి ఫెండర్‌దే ఇంకో రకమైన జాజ్ బేస్ పికప్ ఒకటి దింపారు. అంచులు ఎలుక కొరికినట్టున్నాయి. వెనకవైపు ఇంకో గుంట, అందులో తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచే, సిగ్నల్ పెంచే ప్రీఆంప్. బ్యాటరీ కారి, చుట్టూ పచ్చటి పొక్కులు. రెండు నాబ్‌లుండాల్సిన చోట నాలుగు. ఇంతా చేసి, ఆంప్‌లో పెడితే ఒకటే హోరు. "హమ్ పోవట్లేదు, ఎన్ని చేసినా పోవట్లేదు, అందుకే ఇచ్చేస్తున్నా" అన్నాడతను. గొంతులో నిజమైన అలసట ఉంది.

నేను అప్పటికే నెక్ చూసేశాను. రెండు అంచులూ గీత గీసినట్టున్నాయి. రాడ్ వెన్నలా తిరిగింది. ఎన్నో ఏళ్లు ఎవరి అరచెయ్యో రాసుకుని వెనకవైపు వార్నిష్ సన్నగా అరిగి, కర్ర పట్టులా తగిలింది. బొటనవేలు దానంతటదే సరైన చోటుకి పోయింది. బేరమాడకుండా తీసుకున్నాను.

ఇంటికొచ్చాక ఆంప్‌లో పెట్టి, హమ్ వస్తుండగా తీగల మీద చెయ్యి వేశాను. మార్పేం లేదు. కేబుల్ ప్లగ్ మీదున్న లోహాన్ని ముట్టుకున్నాను. హమ్ సగానికి పైగా పడిపోయింది. చెయ్యి తీశాను, మళ్లీ వచ్చింది. మూడుసార్లు ముట్టుకున్నాను, మూడుసార్లూ అంతే. ఆ క్షణంలోనే జబ్బేమిటో తెలిసిపోయింది.

మన ఒళ్లు ఒక ఏంటెనా లాంటిది. ఇంట్లోని కరెంటు తీగల హోరంతా పట్టుకుని పికప్ మీద కుమ్మరిస్తుంది. అందుకే బ్రిడ్జ్ కింద నుంచి ఒక తీగ లోపలికి వెళ్లి గ్రౌండ్‌కి కలుస్తుంది. బ్రిడ్జ్ లోహం, దాని మీదున్న తీగలూ లోహమే కాబట్టి, వాయించేటప్పుడు మన చెయ్యి తీగల మీద ఉన్నంతసేపూ మనమూ గ్రౌండ్‌కి కలిసి ఉంటాం, హోరు అణిగిపోతుంది. తీగలు ముట్టుకుంటే తగ్గక, ప్లగ్ ముట్టుకుంటే తగ్గుతోందంటే మధ్యలో ఆ బ్రిడ్జ్ తీగ తెగినట్టే.

బ్రిడ్జ్ విప్పాను. కింద సన్నటి రంధ్రం ఉంది, తీగ లేదు. టార్చి వేసి చూస్తే లోపల అరంగుళం దూరంలో దాని కొస మెరిసింది. ఎవరో ఎప్పుడో బ్రిడ్జ్ మార్చినప్పుడు అది లోపలికి జారిపోయింది. పట్టుకారుతో బయటికి లాగి, కొస ఒలిచి, పోగులు విసనకర్రలా పరిచి, వాటి మీద బ్రిడ్జ్ పెట్టి బిగించేశాను. మల్టీమీటర్ ఒక కొస ఇ తీగ మీద, ఇంకో కొస కేబుల్ గుచ్చే జాక్ మీద పెడితే కీచుమంది, అంటే రెండూ కలిశాయి. పావుగంట పని. దీని కోసం ఒక మనిషి పికప్ కొన్నాడు, ప్రీఆంప్ కొన్నాడు, రెండు గుంటలు తవ్వాడు, చివరికి బేస్‌నే వదులుకున్నాడు. అతని మీద జాలేసింది. చెప్పేవాళ్లు ఒక్కరుంటే ఆ బేస్ అతని దగ్గరే ఉండేది.

ఇంకో మాట. పి బేస్ పికప్ రెండు ముక్కలుగా ఎందుకుంటుందో తెలిసినా అతను ఆ దారిన పోయేవాడు కాదు. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు దానికి ఒకే కాయిల్ ఉన్న పికప్ ఉండేది. 1957లో దాన్ని రెండు ముక్కలు చేశారు, రెండు తీగలకి ఒకటి, రెండు తీగలకి ఒకటి. రెండింటినీ ఒకదానికొకటి ఎదురుగా చుట్టి కలపడం వల్ల బయటి నుంచి వచ్చే హోరు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. అంటే పి బేస్‌లో పెద్ద హోరు వస్తోందంటే అనుమానించాల్సిన వాటిలో పికప్ చిట్టచివరిది. అతను కొత్తగా దింపిన జాజ్ పికప్ ఒక్క కాయిల్‌ది, అది తనంతట తానే హోరు తెస్తుంది. జాజ్ బేస్‌లో అవి రెండు ఎదురెదురుగా చుట్టినవి ఉంటాయి కాబట్టి రెండూ ఒకే మట్టంలో తెరిచినప్పుడు అణుగుతాయి. ఒంటరిగా పెడితే ఏం అణుగుతుంది?

ఆ పికప్‌నీ ప్రీఆంప్‌నీ తీసేశాను. పి పికప్ బాగుందో లేదో చూడ్డానికి విప్పనక్కర్లేదు. ఇది కొనేటప్పుడు కూడా పనికొచ్చే చిట్కా: బేస్‌కి కేబుల్ గుచ్చి, నాబ్‌లన్నీ పూర్తిగా తెరిచి, కేబుల్ రెండో కొసలో ప్లగ్ మొనకీ ప్లగ్ ఒంటికీ మధ్య మీటర్ పెట్టండి. బ్యాటరీ లేని మామూలు పి బేస్ అయితే 10 కిలో ఓమ్‌ల చుట్టుపక్కల చూపిస్తుంది. జాజ్ బేస్ రెండు వాల్యూములూ తెరిస్తే 4 లోపు. 250 దగ్గర చూపిస్తే మీరు చూస్తున్నది వాల్యూమ్ నాబ్ కింద ఉండే పాట్‌ని, లోపల పికప్ తీగ తెగింది. సున్నా చూపిస్తే ఎక్కడో తగలకూడనిది తగులుతోంది. బ్యాటరీ ఉన్న యాక్టివ్ బేస్‌లకి ఈ లెక్క చెల్లదు. నా నల్ల బేస్ 10.4 చూపించింది.

పాట్‌లు రెండూ కరకరమంటున్నాయి. కొత్తవి వేశాను, 250 కిలో ఓమ్‌లవి, టోన్‌కి 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్. గుంట లోపలంతా రాగి రేకు అంటించి, అతుకు అతుకు దగ్గరా టంకం చుక్క పెట్టాను. అంటించే జిగురుని మాత్రం నమ్మను, కొన్నాళ్లకి ఎండిపోయి ముక్కకీ ముక్కకీ సంబంధం తెగిపోతుంది. ఉలి గుంట అంచుల్ని తిన్నగా చెక్కి, కాగితం మీద ఆనవాలు తీసి, ఓ చెక్క ముక్క కోశాను. బాడీ కర్ర పోగు ఎటు సాగుతోందో ముక్క పోగు కూడా అటే సాగేలా తిప్పి, జిగురు రాసి, రాత్రంతా క్లాంపులో ఉంచాను. మర్నాడు చిత్రిక పట్టి సమం చేశాను. దానికి నల్ల రంగు వెయ్యలేదు. నల్లటి బాడీ మీద గోధుమరంగు పట్టీలా కనపడుతూనే ఉంటుంది. జరిగింది దాచడం నాకు ఇష్టం లేదు.

ఆరేళ్లు వాయించాను దాన్ని. ఎన్ని కచేరీలో.

ఇంతకీ నెక్ మార్చిన కథ. నా చేతులు చిన్నవి. ఒక పి బేస్ నట్ దగ్గర 1.75 అంగుళాల వెడల్పుండేది. రెండో గంటకల్లా మణికట్టు లాగేసేది. జాజ్ బేస్ 1960లో వచ్చినప్పటి నుంచీ దాని నట్ వెడల్పు 1.5 అంగుళాలే. బాడీ గాడి రెండింటికీ ఒకే కొలత కాబట్టి జాజ్ నెక్ తెచ్చి పి బాడీకి బిగించుకున్నాను. గాడిలో బిగుతుగా కూర్చుంది, ఇరుపక్కలా కాగితం కూడా దూరలేదు. స్క్రూలు మాత్రం పాత రంధ్రాలకి అటూఇటూ అయితే మళ్లీ తవ్వకూడదు. గట్టి చెక్క పుల్లతో పాత రంధ్రం మూసి, జిగురు ఆరాక కొత్తది వెయ్యాలి. పి బేస్ గొంతు, జాజ్ బేస్ నడుము. ఈ రోజుకీ నా ముఖ్యమైన బేస్ అదే. నెక్‌ని స్క్రూలతో బిగించాలన్న ఆలోచన ఎంత మేలు చేసిందో ఇలాంటప్పుడు తెలుస్తుంది.

ఫ్రెట్‌లు పీకేసిన బేస్ కూడా ఒకటుంది ఇంట్లో. పేరున్న బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ ఫ్రెట్‌లు లేని తన 1962 నాటి జాజ్ బేస్‌కి గాడులు పూడ్చి, పడవలకి వాడే ఎపాక్సీ పూశాడని తెలిశాక ఆగలేకపోయాను. ఒక్కో ఫ్రెట్‌నీ సోల్డరింగ్ ఐరన్‌తో వేడి చేసి, అరగదీసిన కటింగ్ ప్లయర్‌తో మెల్లగా లేపుతూ పోయాను. మూడు చోట్ల రోజ్‌వుడ్ రేణువులు లేచాయి, వాటిని అక్కడికక్కడే అతికించాను. గాడుల్లో పల్చటి చెక్క పేళ్లు దింపాను. ఈ పనికి తిరుగు దారి లేదు. చెయ్యాలనుకునేవాళ్లు ఆ బేస్‌ని ఎప్పటికీ ఉంచుకుంటామా అని ముందే ఆలోచించుకోవాలి, ఎందుకంటే కొనేవాళ్లు చాలా తక్కువ. నేను ఉంచుకుంటాను.

మార్పులు చేశాక అమ్మితే పెట్టిన డబ్బు తిరిగొస్తుందా అని అడుగుతుంటారు. రాదు. కొత్త పికప్‌లు, బరువైన బ్రిడ్జ్ మనకి నచ్చి వేసుకున్నవి, కొనేవాళ్లకి అవి నచ్చాలని లేదు. అందుకే తీసిన ప్రతి ముక్కనీ, చివరికి వంగిన స్క్రూని కూడా, ఓ సంచిలో వేసి పేరు రాసి దాస్తాను. అమ్మేరోజు దాన్నీ ఇచ్చేస్తాను. ఇక నిజంగా పాతవి, 1965లో కంపెనీ సీబీఎస్ అనే పెద్ద సంస్థ చేతికి పోకముందు నాటి ఫెండర్ లాంటివి చేతికొస్తే సోల్డరింగ్ ఐరన్ దగ్గరికి కూడా తీసుకురాకండి. ఆ పాత టంకం చుక్కలే వాటి జాతకం. పాట్ వీపున 137తో మొదలయ్యే అంకెలుంటే అది సీటీఎస్ అనే కంపెనీ తయారు చేసింది. ఆ తర్వాతి అంకెల్లో ఏడాది, వారం ఉంటాయి. 1376633 అంటే 1966, ముప్పై మూడో వారం. నెక్ బాడీలో కూర్చునే కొస, అంటే మడమ, మీది తేదీ కంటే పాట్‌ల తేదీ ఎన్నో ఏళ్లు వెనకో ముందో ఉంటే ఎందుకని అడగాలి. ఆ బజారులో ముక్కలు కలిపి అసలుదని చెప్పేవాళ్లున్నారు. నేనటు పోను. నాకు వాయించే బేస్ చాలు. రష్ బ్యాండ్ బేసిస్ట్ గెడ్డీ లీ తన 1972 జాజ్ బేస్‌ని అమెరికాలోని కలమజూలో ఓ తాకట్టు దుకాణంలో చూసి కొనుక్కున్నాడు. ఆయన దాంతో ఏం చేశాడో ప్రపంచమంతా విన్నది.

అమ్మేటప్పుడు నా పద్ధతి: అందంగా కనిపించే ఫొటోలు రెండు చాలు. మిగతావి దెబ్బలవి, గీతలవి, అతుకులవి. నెక్‌ని నేను కన్ను మూసి చూసినట్టే కెమెరా పెట్టి తీసిన ఫొటో ఒకటి తప్పకుండా. రాడ్‌లో ఇంకా ఎంత తిప్పడానికి ఉందో, తూకం మీద పెడితే బరువెంతో, డెడ్ స్పాట్ ఏ ఫ్రెట్‌లోనో రాస్తాను. 3.6 కిలోల బేస్‌కీ 5 కిలోల బేస్‌కీ మూడో గంటలో భుజానికి తెలిసే తేడా అంతా ఇంతా కాదు, దాన్ని "మామూలు బరువే" అని రాయడం అన్యాయం. దూరం పంపాల్సి వస్తే తీగలు కాస్త వదులు చేసి, హెడ్‌స్టాక్ కింద మెత్తటిది దట్టించి, నెక్ ఎటూ ఊగకుండా కడతాను. నెక్ విరిగేది దాదాపు ఎప్పుడూ హెడ్‌స్టాక్ దగ్గరే. దేశం దాటించాలంటే ఫ్రెట్‌బోర్డ్ ఏ కర్రో తెలుసుకోండి. 2017 జనవరి 2 నుంచి రోజ్‌వుడ్ జాతులన్నిటికీ అనుమతి పత్రాలు కావాల్సి వచ్చింది. 2019 నవంబరులో తయారైన వాయిద్యాలకి మినహాయింపు ఇచ్చారు. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కి మాత్రం ఆ మినహాయింపు లేదు.

పోయిన నెల నల్ల బేస్ అమ్మాను. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో నాలుగు బేస్‌లకి చోటు చాలడం లేదు, ఏదో ఒకటి వెళ్లాలి. కొనడానికొచ్చిన కుర్రాడికి ఇరవై ఉంటాయేమో. కేబుల్ కోసం చూశాడు. "ఆగు తమ్ముడూ" అని బేస్ అతని చెంపకి ఆనించి, ఏం చూడాలో చెప్పాను. చాలాసేపు చూశాడు. అటు తిప్పి, ఇటు తిప్పి మళ్లీ చూశాడు. ఆ గోధుమరంగు పట్టీ ఏంటన్నా అని అడిగాడు. ఉలి కథ, బ్రిడ్జ్ తీగ కథ అంతా చెప్పాను. పాత ప్రీఆంప్, పికప్, పాట్‌లున్న సంచి చేతికిచ్చాను.

"ఇంకొకటుంది" అని జి తీగ ఆరో ఫ్రెట్ చూపించాను. "ఇక్కడ సి షార్ప్ నిలవదు. నెక్ ఎంత మంచిదైనా దీనికి ఆ ఒక్కటీ ఉంది. ఇది విన్నాకే తీసుకోవాలా వద్దా చెప్పు."

కొట్టి విన్నాడు. ఠప్పున ఆగిపోయింది. అయిదులో కొట్టాడు, మోగింది. ఏడులో కొట్టాడు, మోగింది. మళ్లీ ఆరు. తల పక్కకి వాల్చి ఓ క్షణం ఆలోచించి, డి తీగ మీద పదకొండో ఫ్రెట్ నొక్కి కొట్టాడు. అదే సి షార్ప్. మందంగా, గుండ్రంగా, గదిలో చాలాసేపు నిలబడింది.

"ఇక్కడ తీసుకుంటాలే అన్నా" అన్నాడు, ఇంకా ఆ తీగ మీది నుంచి వేలు తియ్యకుండానే.